షోగీలో పావు పట్టే తీరు: మర్యాద ఎంత, నియమం ఎంత

జపాన్‌వాళ్ళ చదరంగమైన షోగీలో తెల్ల పావులు, నల్ల పావులు అని రెండు రకాలుండవు. నిలువు తొమ్మిది, అడ్డం తొమ్మిది గళ్ళున్న బల్ల మీద 40 పావులూ ఒకే చెక్క రంగులో ఉంటాయి. ఒక్కోటి ఐదు మూలల చిన్న బిళ్ళ. ముందువైపు మొన తేలి పలచగా, వెనకవైపు మందంగా ఉంటుంది. మొన ఎవరి వైపు చూస్తుంటే ఆ పావు వాళ్ళకు శత్రువు. పైగా చచ్చిన పావు ఆటలోంచి పోదు. చంపినవాళ్ళ చేతికి వచ్చి, వాళ్ళకు వీలు చిక్కినప్పుడు ఏదో ఒక ఖాళీ గడిలో వాళ్ళ తరఫునే మళ్ళీ దిగుతుంది. మన చదరంగం, జపాన్ షోగీ రెండూ పాత చతురంగం సంతతే అంటారు గానీ, ఈ రెండు ఏర్పాట్లూ షోగీని వేరే దారి పట్టించాయి.

పావును ఎలా ఎత్తాలి, ఎలా పెట్టాలి, చంపిన పావును ఎక్కడ ఉంచాలి అని జపాన్‌లో అంత పట్టింపు ఉండటానికి మూలం కూడా ఇక్కడే ఉంది. బయటివాళ్ళకు అది అతి మర్యాదగా, కాలక్షేపపు ఆటకు తగిలించిన తంతుగా కనబడుతుంది. కాస్త లోపలికి వెళ్ళి చూస్తే, ఆ పద్ధతుల్లో ఎక్కువ భాగం ఆట సవ్యంగా నడవడానికి పుట్టినవే. మిగిలిన కొన్ని మాత్రం నిజంగానే పెద్దా చిన్నా తారతమ్యం కోసం పెట్టుకున్నవి. రెండింటినీ కలిపి "జపనీస్ క్రమశిక్షణ" అనేస్తే అసలు విషయం చేజారిపోతుంది.

మొన పక్కకు తిరిగిందనుకోండి, ఆ పావు ఎవరిదో అర్థం కాదు. గీత మీద కూర్చుందనుకోండి, ఏ గడిలో ఉందో తెలియదు. చదరంగంలో గుర్రం కొంచెం వంకరగా నిలబడినా ఎవరికీ నష్టం లేదు, దాని రంగే దాని చిరునామా. షోగీలో అలా కుదరదు కాబట్టి పావును గడి మధ్యలో, తిన్నగా, మొన ఎదుటివాళ్ళ వైపు ఉండేలా పెట్టాలి. ఆట మధ్యలో పావులు కొంచెం జరిగితే సర్దడం తప్పు కాదు, అది మంచి అలవాటే. సర్దుతున్నామన్న విషయం ఎదుటివాళ్ళకు తెలిసేలా, ఎత్తు వేస్తున్నామన్న అనుమానం రాకుండా సర్దితే చాలు.

అలవాటైన ఆటగాళ్ళ చేతిని దగ్గరగా గమనిస్తే ఒక్క ఎత్తులో మూడు నాలుగు చిన్న పనులు కనబడతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పావును పక్కలనుంచి ఎత్తుతారు. పావు గాల్లో ఉండగానే బొటనవేలు తప్పుకుంటుంది. మధ్యవేలు పావు పైకి, చూపుడువేలు కిందికి చేరతాయి. గడి మీదికి దించి చూపుడువేలు లాగేస్తే, మధ్యవేలి ఒత్తిడికి పావు టక్కున కూర్చుంటుంది. కొత్తవాళ్ళకు ఇది మొదట్లో అస్సలు చేతకాదు, పావు జారి పక్క గళ్ళలో పడుతుంది. ఎందుకింత కష్టం, మామూలుగా పట్టుకుని పెట్టేయొచ్చుగా అంటే పెట్టేయొచ్చు. నియమాల్లో వేళ్ళ గురించి ఒక్క మాట లేదు. కానీ ఆట ముదిరేకొద్దీ రెండు సైన్యాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇరుకైపోతాయి. అప్పుడు పైనుంచి రెండు వేళ్ళతో దించే చేయి పక్క పావుల్ని కదపదు, పక్కలనుంచి పట్టిన మూడు వేళ్ళు కదుపుతాయి. అందం తర్వాత సంగతి.

పావును చంపేటప్పుడు వరస ఇంకా ముఖ్యం. చదరంగంలో మన పావుతో ఎదుటి పావును తోసేసి ఆ చోట కూర్చోబెట్టేవాళ్ళు చాలామంది. షోగీలో ముందు ఎదుటి పావును ఎత్తి మన పక్కనున్న చిన్న పీట మీద పెట్టాలి. ఆ తర్వాతే మన పావును ఖాళీ అయిన గడిలోకి జరపాలి. ఈ పీటను కొమాదై అంటారు, బల్లకు కుడిపక్కన ఉంటుంది. ఇలా చేస్తే ఎవరు ఎవర్ని చంపారన్నది ఎదుటివాళ్ళకు స్పష్టంగా కనబడుతుంది. రెండు పావులూ ఒకే రంగు కాబట్టి, ఒకేసారి చేతిలో కలిసిపోతే ఏది ఎవరిదో ఒక క్షణం తికమకే.

పీట మీద ఏమున్నాయన్నది దాచకూడదు. ఇది మర్యాద దాటి ఆట మూలానికి సంబంధించిన విషయం. ఎదుటివాళ్ళ చేతిలో ఒక గుర్రం ఉందా, బంగారు సేనాని అనే పావు ఉందా అన్నదాన్ని బట్టే మన రాజు బతుకుతాడా లేదా అన్న లెక్క మారిపోతుంది. గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడం, ఒకదాని మీద ఒకటి పేర్చి కింది పావు కనబడకుండా చేయడం, పీట మీద విసనకర్ర పెట్టడం, అన్నీ ఆ లెక్కను ఎగ్గొట్టే పనులే. చేతిలో ఏమున్నాయని అవతలివాళ్ళు నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాకూడదు. బంటులు ఎక్కువ పోగైతే కొంచెం కొంచెం పక్కకు జరిపి విసనకర్రలా పరుస్తారు, లెక్క కనబడేలా.

ఇంకో మెలిక ఉంది. షోగీలో రాజు, బంగారు సేనాని తప్ప మిగతా పావులకు వెనక కూడా అక్షరాలుంటాయి. ఎదుటివాళ్ళ చివరి మూడు వరసల్లోకి వెళ్ళిన పావును తిరగేస్తే దాని హోదా పెరుగుతుంది. తిరగేసిన బంటు బంగారు సేనానిలా నడుస్తుంది, దాన్ని తొకిన్ అంటారు. అలా పెరిగిన పావు చస్తే హోదా పోతుంది. కాబట్టి పీట మీద దాన్ని మామూలు ముఖం పైకి ఉండేలా పెట్టాలి. మళ్ళీ దించేటప్పుడు కూడా మామూలు ముఖంతోనే దించాలి. పొరపాటున తిరగేసి దించారా, అక్కడికక్కడే ఓటమి.

చచ్చిన పావు తిరిగి రావడం గురించి ఒక కథ జపాన్‌లో తరచూ వినబడుతుంది. యుద్ధం తర్వాత, 1947లో, అమెరికా ఆక్రమణ అధికారులు మసుదా కోజో అనే ఆటగాణ్ణి పిలిపించి, పట్టుబడ్డవాళ్ళ చేత మళ్ళీ యుద్ధం చేయించడం ఖైదీల్ని హింసించడం కాదా అని అడిగారట. మీ చదరంగంలో పట్టుబడ్డవాళ్ళను చంపేస్తారు, మా ఆటలో వాళ్ళ హోదా వాళ్ళకిచ్చి పని ఇస్తాం అని ఆయన జవాబు. ఇది మసుదా స్వయంగా చెప్పుకున్న కథ కాబట్టి కొంత మసాలా ఉండొచ్చు. ఆయన మాటకారితనం అందరికీ తెలిసిందే.

ఇప్పుడు నియమానికీ మర్యాదకీ మధ్య గీత ఎక్కడుందో చూడాలి. చదరంగం టోర్నమెంట్లలో పావు ముట్టుకుంటే దాన్నే ఆడాలి. కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి ఆటలు చూసిన తెలుగువాళ్ళకు ఈ టచ్ మూవ్ కొత్త కాదు. షోగీలో ఆ నియమం లేదు. ముట్టుకున్నా, ఎత్తినా, ఇంకో గడి మీదికి తీసుకెళ్ళినా ఎత్తు పూర్తికాదు. పావును గడిలో పెట్టి చేయి వదిలితేనే పూర్తి. చేయి వదిలాక వెనక్కి తీసుకుంటే దాన్ని మత్తా అంటారు. అధికారిక పోటీల్లో దానికి శిక్ష ఓటమే.

కాగితం మీద చూస్తే షోగీ నియమం మెత్తగా ఉన్నట్టుంది. ఆచరణలో ఆ మెత్తదనాన్ని మర్యాద బిగించింది. ఆలోచిస్తూ చేతిని బల్ల మీద ఊపడం, ఒక పావు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టడం, వేలితో గళ్ళు లెక్కపెట్టడం, ఇవన్నీ చెడ్డ అలవాట్లే. ఎదుటివాళ్ళకు బల్ల కనబడకుండా అడ్డం వస్తాయి. మన ఆలోచన ఎటు పోతోందో బయటపెడతాయి కూడా. నిర్ణయం అయ్యాకే చేయి లేపాలన్నది జపాన్‌లో పిల్లలకు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. టచ్ మూవ్ సాధించేదాన్నే ఇక్కడ సిగ్గు సాధిస్తోంది అనొచ్చు. ఏది మెరుగు అంటే, తీర్పు చెప్పాల్సిన ఆర్బిటర్ వైపునుంచి చూస్తే షోగీ పద్ధతే సులువు. చేయి వదిలాడా లేదా అన్నది కంటికి కనబడుతుంది. కావాలని ముట్టుకున్నాడా, పొరపాటున తగిలిందా అన్న వాదన ఉండదు.

చేయి వదిలే క్షణం దగ్గరే హోదా పెంచడం కూడా తేలిపోతుంది. పావును తిరగేయాలంటే చేయి వదలకముందే తిరగేయాలి. మర్చిపోయి మామూలు ముఖంతో పెట్టి చేయి తీసేస్తే, పెంచకుండా ఆడినట్టే లెక్క. అయ్యో అని మళ్ళీ చేయి పెట్టి తిరగేస్తే అది మత్తా. టైమ్ అయిపోయి సెకన్లు లెక్కపెడుతున్నప్పుడు ఈ టెన్షన్ అంతా ఇంతా కాదు. పావు పట్టే తీరు సాధన చేయడంలో అసలు లాభం అప్పుడు తెలుస్తుంది. ఎత్తి, తిప్పి, పెట్టి, చేయి తీయడం ఒకే కదలికగా అలవాటైనవాళ్ళకు బుర్ర ఎత్తు మీదే ఉంటుంది. అమెచ్యూర్ పోటీల్లో గడియారం నొక్కేది కూడా పావు కదిపిన చేతితోనే కావాలి. ఒక చేతితో పావు, ఇంకో చేతితో గడియారం అంటే కుదరదు.

ఎంత పెద్ద ఆటగాళ్ళయినా తప్పు చేస్తారు. ఒక నిలువు వరసలో మన మామూలు బంటు ఒకటి ఉండగా అదే వరసలో ఇంకో బంటు దించకూడదు. దించితే నిఫు, వెంటనే ఓటమి. 2015 మార్చిలో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే నిర్వహించే కప్ సెమీఫైనల్లో, టీవీ చూస్తున్న జనమందరి ముందు, హషిమోతో తకనోరి అనే ఎనిమిదో దాన్ (స్థాయి) ప్రొఫెషనల్ సరిగ్గా ఇదే చేశాడు. ఆట అక్కడే అయిపోయింది. ఇలాంటివి తెలివితక్కువతనం వల్ల జరగవు. వరసలో ఎక్కడో దూరాన ఉన్న సొంత బంటు కళ్ళకు ఆనదు, అంతే. ఒకే రంగు పావులు నిండిన బల్ల మీద మొనల దిశ చూసి గుర్తుపట్టాల్సిన ఆట కదా.

ఇక పావులు పేర్చడం. ఇక్కడ మర్యాద పాలు ఎక్కువ. పెట్టె తెరిచేది, సంచీ ముడి విప్పేది, పావుల్ని బల్ల మీద కుమ్మరించేది పై స్థాయి ఆటగాడు. సెట్లో రెండు రాజులుంటాయి, మీది అక్షరంలో ఒక చుక్క తేడాతో. చుక్క లేనిది ఓషో, చుక్క ఉన్నది గ్యొకుషో. ఓషోను పెద్దవాళ్ళు తీసుకుని ముందు పెడతారు. తర్వాత చిన్నవాళ్ళు గ్యొకుషో పెడతారు. అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు, ఒక్కో పావు.

ఆ వరసకు రెండు సంప్రదాయాలున్నాయి, ఒహాషి పద్ధతి, ఇతో పద్ధతి. 1612లో అప్పటి జపాన్ పాలకులైన తోకుగావా ప్రభుత్వం నుంచి భృతి పొందిన ఒహాషి సోకేతో మొదలై, వాళ్ళు ఏలిన ఎదో కాలమంతా షోగీని ఏలిన కుటుంబాల పేర్లే ఇవి. రెండింటిలోనూ రాజు, తర్వాత ఎడమ కుడి బంగారు సేనానులు, వెండి సేనానులు, గుర్రాలు ఒకే క్రమంలో వస్తాయి. ఆ తర్వాత విడిపోతాయి. ఒహాషి పద్ధతిలో అంచుల్లో తిన్నగా దూసుకుపోయే క్యోషాలు, తర్వాత మన శకటులా నడిచేది, ఏనుగులా నడిచేది పెట్టి, బంటుల్ని మధ్యనుంచి మొదలుపెట్టి అటూ ఇటూ పేరుస్తారు. ఇతో పద్ధతిలో గుర్రాల తర్వాత బంటుల్నే ఎడమనుంచి కుడికి పేర్చేస్తారు. దూరం కొట్టే పావులు ఆఖర్న వస్తాయి. ముందు బంటుల గోడ లేకుండా వాటిని పెడితే, ఆట మొదలవకముందే ఎదుటి శిబిరానికి గురిపెట్టినట్టవుతుందని, అది మర్యాద కాదని దీనికి కారణం చెబుతారు. ఆటపరంగా దీనికి ఏ అవసరమూ లేదు. అయినా ఇతో పద్ధతి వెనకున్న ఆలోచనే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. ఇవాళ ప్రొఫెషనల్స్‌లో ఎక్కువమంది ఒహాషి పద్ధతినే పాటిస్తారు.

పెద్దవాళ్ళు ఎవరన్నది ప్రతిసారీ సులువుగా తేలదు. పై స్థాయి ఆటగాడు కూర్చునే చోటును కమిజా అంటారు. ఓషో పట్టుకునే హక్కు, పెట్టె తెరిచే హక్కు ఆ చోటుతోనే వస్తాయి. 1994లో ర్యాంకింగ్ లీగ్‌లో అన్నిటికంటే పై శ్రేణి అయిన ఎ-క్లాస్ ఆటలో, నాలుగు టైటిళ్ళున్న యువకుడు హబు యోషిహరు, తనకంటే ఎంతో సీనియర్, మెయిజిన్ అనే పెద్ద టైటిల్ గతంలో గెలిచిన నకహర మకోతో ఎదుట పై చోట కూర్చున్నాడు. టైటిళ్ళ లెక్క చూస్తే హబు చేసింది సమర్థించుకోదగ్గదే. వయసు, గత గౌరవం లెక్క చూస్తే నోళ్ళు లేచాయి. ఇప్పటికీ దాన్ని పై చోటు గొడవగానే చెప్పుకుంటారు. దాదాపు రెండేళ్ళకు, 1996లో, అదే హబు అప్పటికున్న ఏడు టైటిళ్ళూ ఒకేసారి చేజిక్కించుకున్నాడు. తారతమ్యం మీద నిలిచే మర్యాదలకు ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. పావును తిన్నగా పెట్టడం గురించి ఎవరూ గొడవపడరు, ఎవరు ముందు పెట్టాలన్న దాని మీదే పడతారు.

ఎవరు ముందు ఆడాలన్నది మాత్రం బంటులే తేలుస్తాయి. పై ఆటగాడి బంటులు ఐదు తీసి, గుప్పిట్లో ఆడించి వేస్తారు. ప్రొఫెషనల్ ఆటల్లో ఆ పని ఆట రాసుకునేవాళ్ళది. బంటు ముఖాలు ఎక్కువ పడితే పై ఆటగాడు, తొకిన్ ముఖాలు ఎక్కువ పడితే రెండోవారు ముందు ఆడతారు. అంచు మీద నిలబడ్డవి, ఒకదాని మీద ఒకటి పడ్డవి లెక్కలోకి రావు.

చప్పుడు సంగతి. మంచి కాయా చెక్క బల్ల మీద పావు దిగిన చప్పుడంటే జపాన్‌లో చెవి కోసుకుంటారు. ఎత్తు వేస్తూ గట్టిగా టక్కుమనిపిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఏళ్ళ తరబడి కతో హిఫుమి అనే ప్రొఫెషనల్ బల్ల అదిరేలా పావులు వేస్తుంటే జనం దాన్ని ఆయన ముద్రగా చూసుకుని మురిసిపోయారు. తప్పల్లా ఎత్తు వేయకుండా చేసే చప్పుడు. ఎదుటివాళ్ళు ఆలోచిస్తుంటే చేతిలో పావులు గలగలలాడించడం, పీట మీద పావును పదేపదే కొట్టడం లాంటివి. హబు విషయంలో ఇంకోటి ప్రసిద్ధం. గెలుపు ఖాయమని కనబడగానే ఆయన చేయి వణికేది, పావు గడిలో తిన్నగా కూర్చునేది కాదు. దాన్ని ఎవరూ అమర్యాద అనలేదు. ఆ వణుకు చూసి ఎదుటివాళ్ళు ఇక ఆట అయిపోయిందని గ్రహించేవారు.

వస్తువుగా కూడా పావుకు కొంత జాగ్రత్త కావాలి. జపాన్‌లో పావుల తయారీకి పేరున్న ఊరు యమగతా రాష్ట్రంలోని తెందో. ఎదో కాలం చివర్లో అక్కడి పేద సమురాయ్ కుటుంబాలు ఇంటి ఖర్చుల కోసం మొదలుపెట్టిన పని అది. మేలైన సెట్లకు త్సుగె చెక్క వాడతారు. అక్షరాల్లో చవకవి నేరుగా రాసినవి. తర్వాత చెక్కినవి, చెక్కి లక్కతో నింపినవి, అన్నిటికంటే పైన, లక్క ఉబ్బెత్తుగా నిలిచేలా చేసినవి. టైటిల్ ఆటల్లో కనబడేవి ఈ చివరి రకం. విసిరితే, ఒకదానికొకటి రాసుకుంటే ఆ ఉబ్బెత్తు లక్క పెచ్చు లేచిపోతుంది. అందుకే సంచీ వంచేటప్పుడు నెమ్మది, ఆట తర్వాత పొడి గుడ్డతో తుడవడం, ఎండ తగలనివ్వకపోవడం. ప్లాస్టిక్ సెట్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఐదారు వందల ఏళ్ళ పద్ధతి అని ప్లాస్టిక్ బంటును పట్టు గుడ్డతో తుడిచేవాళ్ళను చూసి నవ్వుకోవచ్చు.

ఆట ముగించేది ఎక్కువగా ఓడినవాళ్ళే. రాజు చిక్కేదాకా ఆగరు. పీట మీద చేయి వేసి, తల వంచి, "మకేమాషిత", ఓడిపోయాను అంటారు. మాట స్పష్టంగా వినబడాలి, గొణగకూడదు. పావుల్ని కలిపేయడం, బల్ల మీదనుంచి తోసేయడం ఓడిన కోపానికి గుర్తు, అది ఎక్కడైనా చెడ్డదే. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆటను మొదటినుంచి మళ్ళీ పేర్చి, ఎక్కడ దారి తప్పిందో మాట్లాడుకుంటారు. అప్పుడు మాత్రం చేతులకు అడ్డులేదు. ఎవరి పావునైనా ఎవరైనా జరపొచ్చు, ఎన్నిసార్లయినా వెనక్కి తీసుకోవచ్చు. అరగంట క్రితం ఓటమికి దారితీసే మత్తా ఇప్పుడు చదువులో భాగం. చివర్లో 40 పావులూ ఉన్నాయో లేదో చూసి సంచీలో వేస్తారు. చాలా సెట్లలో ఒకటో రెండో బంటులు అదనంగా ఇస్తారు, పోయేది ఎప్పుడూ బంటే కాబట్టి.

మిగిలింది చూసేవాళ్ళ సంగతి. అరుగు మీద చదరంగం నడుస్తుంటే చుట్టూ మూగి "గుర్రం కదుపు, గుర్రం కదుపు" అనేవాళ్ళు మనకు ఎంత మామూలో, జపాన్‌లోనూ ఒకప్పుడు అంతే మామూలు. కాళ్ళున్న పాత బల్లలు తిరగేస్తే కింద నాలుగు పలకల గుంట ఒకటి ఉంటుంది. సలహా చెప్పినవాడి తల నరికి పెట్టడానికే ఆ గుంట అని ఒక కథ కట్టారు. అసలు కారణం చెక్క ఆరడానికి, చప్పుడు బాగా రావడానికి అని చెబుతారు. సలహా ఇవ్వడం ఇప్పుడూ నిషేధమే. అయితే నిఫు లాంటి తప్పు కళ్ళముందు జరిగితే, ఆటగాళ్ళిద్దరూ గమనించకపోయినా, పక్కనున్న మూడో మనిషి చెప్పొచ్చని జపాన్ షోగీ సంఘం నియమాలు అనుమతిస్తాయి. అది ఆట ముగియకముందే చెప్పాలి. ఒకరు ఓటమి ఒప్పుకున్నాక ఎంత పెద్ద తప్పు బయటపడినా ఫలితం మారదు.